పచ్చబడిన దర్జీ కొట్టు

"మూడు నెలల్లో ఈ మార్కెట్‌లో ప్రతి చిన్న కొట్టూ పచ్చబడాలి! పచ్చబడ్డట్టు ఫోన్‌లో కనబడాలి!" అని చిన్న వ్యాపారాల మంత్రిగారు ప్రకటించగానే మాకు ఒళ్ళు పులకరించింది. గ్రీన్, డిజిటల్ అనే రెండు విప్లవాలను ఒకే మీటింగులో కానిచ్చేయడం సామాన్యుల వల్ల అయ్యే పనా! పచ్చబడ్డట్టు సర్టిఫికెట్ రాని కొట్లవాళ్ళు గదులు ఖాళీ చేయాలన్న మాట కూడా వారు చిరునవ్వుతోనే సెలవిచ్చారు.

నాది బుక్ బైండింగ్ కొట్టు. పక్క గది దర్జీ బాబాయిది. కాళ్ళతో తొక్కే మిషన్ మీద, కిటికీ వెలుతురులో కుడతాడు. పీలికలు కూడా పారేయడు, దిండ్లలో కూరుతాడు. సర్టిఫికెట్ తనకు నల్లేరు మీద బండి నడకేనని ఆయన ధీమా.

పచ్చదనం కొలిచే ఆఫీసరుగారు ట్యాబ్ పట్టుకుని వచ్చారు.

"నెలకి ఎంత కరెంటు కాలుస్తావ్?"

"మీటరే లేదండి."

"పోనీ, డీజిలు?"

"అబ్బే!"

ఆఫీసరుగారు సున్నా కొట్టారు. ట్యాబ్ ఎర్రబడింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఎర్రబడింది.

"ఎంత తగ్గించావో చూసి ఇచ్చే సర్టిఫికెట్టయ్యా ఇది. తగ్గించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నేనేం చెయ్యను?" వారి గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఓ పని చెయ్యి. నెల్లాళ్ళు జనరేటర్ నడిపి ఫోటోలు అప్‌లోడ్ చెయ్యి. తర్వాత ఆపెయ్యి. నూటికి నూరు శాతం తగ్గింపు!"

"జనరేటర్ దేనికి తగిలించాలండీ?"

"దేనికీ అక్కర్లేదు. యాప్‌కి పొగ కనబడితే చాలు."

ఎంతైనా చదువుకున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళే.

బాబాయి తటపటాయిస్తుంటే పిన్ని కసిరింది. "ఉన్నది ఈ ఒక్క గది. ఇదీ పోతే మిషన్ నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతారా? తెచ్చి తగలెయ్యండి!"

ఆ పూటే జనరేటర్ వచ్చింది. నెల్లాళ్ళూ దేనికీ పనికిరాకుండా గుడగుడలాడింది. కొత్త చొక్కాలు నల్లబడ్డాయి. పిన్ని దగ్గుతూనే ఫోటోలు తీసింది. నాకు ఒళ్ళు మండింది గానీ, ప్రగతికి అడ్డు పడకూడదని కిటికీ మూసుకున్నాను.

జనరేటర్ ఆపగానే ట్యాబ్ పచ్చబడింది. మంత్రిగారు బోలెడు కార్లతో వచ్చి బాబాయి మెడలో పతకం వేశారు.

"నూరు శాతం! పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకే చేతకాలేదయ్యా! ఇకముందు నీ ప్లానేంటి?"

బాబాయి మైకు ముందు చేతులు కట్టుకున్నాడు. "ఈ వీధిలో చేతిపనివాళ్ళందరూ నాలాగే సున్నాలండి. వాళ్ళకి జనరేటర్లు అద్దెకిద్దామనుకుంటున్నానండి."

"ఇదయ్యా విజన్ అంటే!" అని మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

వారం తర్వాత చిరిగిన చొక్కా ఒకటి పట్టుకుని పక్క గదికి వెళ్ళాను. లోపల కాలు పెట్టే సందు లేదు, అన్నీ జనరేటర్లే. కుట్టు మిషన్ అమ్మేశాడట.

"కుట్టడం మానేశానురా అబ్బాయ్," అన్నాడు బాబాయి. "అవునూ, నీ గది గడువు దగ్గర పడింది కదా. చిన్నది ఇవ్వనా, పెద్దదా?"

"పెద్దదే ఇవ్వు బాబాయ్," అన్నాను. "ఎక్కువ తగ్గించొచ్చు."