వెనక బరువు

ఆదివారం పొద్దున్నే గోదావరి మీద ఓ చుట్టు తిరిగొచ్చి, పదకొండింటికల్లా ఇంటికి చేరిపోవాలని గోపాలరాజు ఏర్పాటు. నరసాపురంలో రొయ్యల చెరువులున్న ఆయనకు పాత క్యాబిన్ బోటొకటి ఉంది. దాని పెద్ద ఇంజను పెట్రోలు తాగడం చూడలేక, మొన్ననే అది తీయించి రెండు చిన్న ఇంజన్లు బిగించాడు. "ఇవీ కుదరకపోతే బోటు అమ్మేయాల్సిందే" అని భార్య సుబ్బాయమ్మ తేల్చి చెప్పింది. సాక్ష్యానికి భీమవరం నుంచి అక్క హైమనూ బావ అమ్మిరాజునూ రప్పించింది.

"కొత్తవి తేలికండి, బోటు వెనక పైకి లేస్తది. ఇసుక బస్తాలు రెండు వెయ్యండి" అని మెకానిక్ ఏసుపాదం ముందే చెప్పాడు. రేవు దాటాక గాని గోపాలరాజుకు ఆ సంగతి గుర్తు రాలేదు. అటూ ఇటూ చూశాడు. చూపు హైమ దగ్గర ఆగింది.

"వదినగారూ, వెనక కూర్చోండి. గాలి బాగుంటుంది."

ఆవిడ సంతోషంగా వెళ్లి కూర్చుంది. అంతలో సెల్‌ఫోను మోగింది. ఏసుపాదం. ఇంజన్ల హోరులో గోపాలరాజు గొంతు చించుకున్నాడు.

"వెనక బరువా? పెట్టేశానయ్యా! ఇప్పుడే కూర్చోబెట్టాను!"

హైమ లేచి నిలబడింది. "నేను బరువా మరిదిగారూ?"

"అయ్యో, మీరు కాదండీ! బస్తా గురించి..."

"బస్తానా!"

ఆవిడ విసవిసా బోటు ముందుకొసకు వెళ్లిపోయింది. బతిమాలడానికి అమ్మిరాజు వెళ్లాడు. మొగుణ్ణి కొరకొరా చూసి సుబ్బాయమ్మా వెళ్లింది. బోటు ముందు భాగం దిగబడింది, వెనక లేచింది. నీళ్లను తోసే ఇంజన్ల ఫ్యాన్లు బయటికొచ్చి గాలిలో కీచుమన్నాయి. బోటు ప్రవాహంలో కొట్టుకుపోయి ఇసుకమేటలో ముక్కు గుచ్చుకుంది.

"నేననుకుంటూనే ఉన్నాను. ఈ బుల్లి ఇంజన్లు లాగవు" అన్నాడు అమ్మిరాజు.

"రేపే బేరం పెట్టండి" అంది సుబ్బాయమ్మ.

దూరంగా వల వేస్తున్న బుల్లియ్యకు లేచిన వెనక భాగమే కనబడింది. "రాజుగారి బోటు మునిగిపోతోందర్రోయ్!" అని కేకేశాడు. రెండు పడవల్లో ఏడుగురు జాలర్లు వచ్చి, ఒకేసారి వెనకనుంచి బోటెక్కేశారు. వెనక భాగం దభీమని నీళ్లలో పడింది. కంగారులో గోపాలరాజు రివర్సు గేరు లాగాడు. ఫ్యాన్లకు నీళ్లు అందాయి. బోటు ఇసుకలోంచి ఊడివచ్చి, గేరు మార్చగానే ముందుకు తిరిగి, బాణంలా దూసుకుపోయింది.

"ఆయ్, రాజుగారూ! మా పడవలు అక్కడే ఉండిపోయినాయండీ!" అన్నాడు బుల్లియ్య. ఎవరికీ వినబడలేదు.

ముందుకొసలో పమిట రెపరెపలాడుతుంటే హైమ కోపం మరచిపోయి నవ్వుతోంది. "చిన్నవైనా గట్టివేనయ్యా!" అని అమ్మిరాజు మెచ్చుకున్నాడు. సుబ్బాయమ్మ బేరం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇసుక బస్తాలు పంపుతానని ఏసుపాదం ఎన్నిసార్లు చెప్పినా, వదినగారి ముందు బస్తా అనే మాట ఎత్తడానికి గోపాలరాజుకు ధైర్యం చాలలేదు. ఆ ఏడాది పెట్రోలు ఖర్చు సగానికి తగ్గింది. అలా మిగిలిన డబ్బు, షికారుకి వెళ్లినప్పుడల్లా వెనక కూర్చునే ఏడుగురు జాలర్ల టిఫిన్లకు సరిగ్గా సరిపోయింది.