దాన్ని దాంట్లో వేసి వాటికి పొయ్యి

రండి, రండి, దగ్గరికి జరగండి! ఆ బీరు గ్లాసులు కింద పెట్టండి. డొమినోలు ఆడేవాళ్ళు కాసేపు చేతులు ముడుచుకోండి. మాటలు ఆపండి. ఆపలేనివాళ్ళు కనీసం నాకంటే తక్కువ మాట్లాడండి.

నేను చెప్పబోయేది ఇదీ: లోకంలో వస్తువులకి పేర్లు పెట్టడమంత దండగ పని ఇంకోటి లేదు!

నవ్వకండి. బడికి నేను వెళ్ళింది దాని పొగగొట్టంలో మసి దులపడానికే. అయినా పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు మాట్లాడుతూనే ఉన్నాను, ఇంతవరకూ నన్నెవరూ అరెస్టు చెయ్యలేదు. ఎలా అంటారా? పెట్టు, తియ్యి, ఇవ్వు, తే. ఈ నాలుగు మాటలకీ పక్కన ‘అది’, ‘వాడు’, ‘ఆవిడ’ తగిలించండి. వెనకాల ‘అందులో’, ‘దాని మీద’, ‘వాడి దగ్గర’, ‘అవతల’ అంటించండి. అయిపోయింది! ఇంగ్లీషంతా వచ్చేసినట్టే. మిగతా మాటలన్నీ డిక్షనరీలు అచ్చువేసేవాళ్ళ పొట్టకూటి కోసం పుట్టాయి.

నమ్మకం లేకపోతే ఇంగ్లండు ఉత్తరాన ఉన్న మా బొగ్గుగని ఊరు థ్రాప్‌వెల్‌కి రండి. ఓసారి గనిలో మా నెత్తిన కప్పు కూలబోతోంది. మా మేస్త్రీ ఒకటే కేక వేశాడు: “దాన్ని దాని కింద పెట్టండ్రా!” పెట్టాం. కప్పు ఆగింది. అదే ఆయన చదువుకున్నవాడై, “మిత్రులారా, ఆ ఓకు దూలాన్ని ఈ ఇసుకరాతి పొర కింద అమర్చగలరు” అని ఉంటే? ఆ వాక్యం పూర్తయ్యేసరికి మా మీద గడ్డి మొలిచేది!

నా పెళ్ళి కూడా అలాగే కుదిరింది. బస్టాపులో వానకి తడుస్తూ మేవిస్‌ని, “మరి దాని సంగతి ఏమంటావ్?” అని అడిగాను. “కానిచ్చేద్దాంలే” అంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా పెళ్ళి, ప్రేమ లాంటి మాటలు మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఎంత ఊపిరి మిగిలిందో చూడండి! ఆ ఊపిరితోనే నేను బాకా వాయించడం నేర్చుకున్నాను.

లండన్ నుంచి ఒక ఇంగ్లీషు మాస్టారు కారులో వచ్చి దారి అడిగాడు. “వాటి పక్కనుంచి పైకెళ్ళి, అది ఉండే చోట దిగి, వాడి దగ్గర తిరగండి” అని చక్కగా చెప్పాం. ఆయన వెళ్ళాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. పెట్రోలు అయిపోయాక ఇక్కడే ఇల్లు కొనుక్కుని, పోస్టాఫీసు ఆవిణ్ణి చేసుకున్నాడు. ఇప్పుడు ఆయనకి మనవలు. మా భాష లేకపోతే ఆ పిల్లలు పుట్టేవాళ్ళా?

అన్నిటికంటే గొప్ప లాభం రహస్యం. మా ఊళ్ళో మగాళ్ళందరూ లీక్ కాడలు పెంచుతారు. ఉల్లికాడల జాతే అది. కాకపోతే మా వాటిలో ఒక్కోటి పిల్లాడి తొడంత ఉంటుంది. సెప్టెంబరులో క్లబ్బులో పోటీ. కప్పు గెలిచినవాడు ఏడాది పొడుగునా వీధి మధ్యలో నడుస్తాడు, మిగతావాళ్ళు అంచున నడుస్తారు. నేను పుట్టినప్పటి నుంచీ అంచునే. ఈసారి మాత్రం నా కాడల్ని చూస్తే నాకే భయం వేసేది.

కాడలకి ఏం పోస్తారో మా ఊళ్ళో ఎవడూ పేరు పెట్టి చెప్పడు. తండ్రి కొడుక్కి కూడా “దాన్ని, దాంతో” అనే నేర్పుతాడు.

సరిగ్గా పోటీ ముందర నా తుంటి ఎముక అరిగిపోయి నన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పక్క మంచం మీద ఎవరనుకున్నారు? విల్ఫ్ రాబ్సన్! ఎప్పుడూ కప్పు ఎగరేసుకుపోయే విల్ఫే, పిత్తాశయంలో రాళ్ళతో వచ్చాడు. మా మధ్య ఒక్క గుడ్డ తెర. ఇటు నేను ఫోను తీస్తే అటు వాడి మంచం కిర్రుమనేది.

నేను భయపడ్డానా? నా దగ్గర భాష ఉందిగా!

“మేవిస్, దాన్ని దాని కింద నుంచి తియ్యి. అందులో అది కాస్త వెయ్యి. అవతలివాటికి కాదు, వీటికి పొయ్యి.”

“పోశానయ్యా, పొద్దున్నే పోశాను. వాడు వింటున్నాడా?”

“వినుకోనీ! వాడికేం అర్థమవుతుంది?”

తెర అవతల విల్ఫ్ గుర్రు పెట్టాడు. ఇంత ముద్దుగా గుర్రు పెట్టేవాడు నిజంగా నిద్రపోడని నాకు తట్టలేదు.

పోటీకి ముందు రోజు మేవిస్ ఫోను చేసింది.

“ఇదిగో, వాళ్ళొచ్చారు. వాటి కోసమే. నువ్వు ఎలాగూ రాలేవు కదా, ఇచ్చెయ్యమంటావా?”

ఎవరొచ్చారు? వేటి కోసం? నాకు ముక్క అర్థం కాలేదు. ‘వేటిని?’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ తెర అవతల విల్ఫ్ ఊపిరి బిగపట్టి ఉన్నాడు. థ్రాప్‌వెల్‌లో పుట్టినవాడు, అదీ సొంత పెళ్ళాన్ని, ‘వేటిని?’ అని అడగడమా! మా తాత అడగలేదు. మా నాన్న అడగలేదు. నేను అడుగుతానా?

“ఇచ్చెయ్యి మరి,” అన్నాను దర్జాగా.

“కొన్ని ఇస్తే చాలంటున్నారు.”

“కొన్నేమిటి? అన్నీ ఇచ్చెయ్!” విల్ఫ్‌కి వినపడాలని గొంతు పెంచాను.

“నీ మనసు ఇంత మంచిదని నాకు తెలీదయ్యా,” అని మేవిస్ ముక్కు చీదింది.

అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? మా ఇంట్లో నా మనసు ప్రస్తావన అదే మొదటిసారి!

శనివారం పొద్దున మమ్మల్నిద్దర్నీ ఇంటికి పంపేశారు. ఒకే టాక్సీ, ఒకే రోడ్డు, ఒకే గని దగ్గు. చంకకర్రలతో సరాసరి క్లబ్బుకి వెళ్ళాను. బల్లల మీద కాడలు వరసగా తెల్లగా మెరుస్తున్నాయి. నా పేరున్న చోట కాడల కింద పరిచే నల్లగుడ్డ ఒక్కటే. హాలు చివర చర్చి ఆడవాళ్ళు పెద్ద గంగాళంలో సూపు కలుపుతున్నారు. పోటీ అయ్యాక మా కాడలన్నీ ఆ గంగాళంలోకే పోతాయి, అది ఆనవాయితీ. ఈసారి ముసలివాళ్ళకి విందు ముందే పెట్టుకున్నారట. దానికి నాలుగు కాడలు అడుగుదామని శుక్రవారం మా ఇంటికి వచ్చారట.

మేవిస్ గంగాళం పక్కనే నిలబడి గర్వంగా నావైపు చెయ్యి ఊపింది.

“అన్నీ ఇచ్చేశావా?”

“నువ్వే కదయ్యా అన్నావు! నేను అడిగి అడిగి మరీ ఇచ్చాను.”

“వేటి గురించో నాకు తెలీలేదే!”

“తెలీకపోతే అడగొచ్చుగా?”

“అడిగితే విల్ఫ్ వింటాడుగా!”

“వింటే?”

నేను చంకకర్రలు సర్దుకున్నాను.

కప్పు విల్ఫ్‌కే వచ్చింది. వాడి పెళ్ళాం ఎడ్నా అందుకుంది. వాడు పొట్ట పట్టుకుంటూ నా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు, “నీ పుణ్యమేరా క్లెమ్! నువ్వు చెప్పినట్టే నేనూ ఫోనులో చెప్పా, దాన్ని దాంట్లో వేసి మా ఆవిడ వాటికి పోసింది. రాత్రికి రాత్రి ఉబ్బాయి!”

చూశారా? పగవాడికి ప్రతి ముక్కా అర్థమైంది. ఊరంతటికీ అర్థమవుతుంది. మా భాషలో రహస్యం దాగింది ఒక్కడి నుంచే, అది నా నుంచే! అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే ఏడాదంతా పెంచిన కాడలు సూపులో ఉడకడమే నయమనుకునే భాష ఇది. అయినా సరే, ఇది వరమేనంటాను. వరం కాదని ఒప్పుకోవాలంటే ముందు నేను దద్దమ్మనని ఒప్పుకోవాలి కదా!

మేవిస్ ఒక గిన్నె నా చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఆ దానం పొరపాటున జరిగిందని చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసి, సూపు తాగాను.

బాగుంది. అదే నా బాధ, చాలా బాగుంది.

నా పక్కన కూర్చున్న ముసలి సెప్టిమస్ రెండో గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, హాలంతా వినేలా అన్నాడు:

“రుచికేం గానీ, ముక్కలు స్పూనులో పట్టట్లేదర్రా! ఈ ఊళ్ళో ఇంతమంది పెంచుతున్నారు, చిన్న కాడలు పండించడం ఒక్కడికీ చేతకాదా?”