గునపానికి ఇల్లు కావాలి

ఆ శనివారం చేయాల్సిన పనులన్నీ మళ్ళీరండి గారు ముందురోజే కాగితం మీద వేసుకున్నారు. ఏడింటికి గేటు, ఎనిమిదింటికి పెరడు, తొమ్మిదింటికి స్నానం, పదింటికి తనిఖీ, పదిన్నరకి కుక్క. ఇందులో పొరపాటుకి చోటెక్కడుందో ఎంత వెతికినా ఆయనకి కనబడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని హాయిగా నిద్రపోయారు.

ఆయన అసలు పేరు ఇంటి పన్ను రసీదు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ముప్పై రెండేళ్ళు డ్రైవింగు పరీక్షలు పెట్టి, వచ్చినవాళ్ళలో ముప్పాతికమందిని "మళ్ళీ రండి" అని వెనక్కి పంపిన మనిషికి వేరే పేరెందుకు? జనం వెనకాల అనేవాళ్ళు, ఇంట్లో ఆవిడ మొహం మీదే అనేది. ఉద్యోగం అయిపోయి ఆరు నెలలైనా అలవాటు అయిపోలేదు. ఆవిడ కూరలు తరుగుతుంటే పక్కన నిలబడి చూసేవారు. ఆవిడ కుళాయి కట్టేస్తే వెళ్ళి ఇంకోసారి కట్టేసి వచ్చేవారు. బజారు నుంచి వస్తూ ఆవిడ మలుపు తిరిగితే, వెనక చూసుకోకుండా తిరిగావనేవారు.

"ఈ ఇంట్లో నా మాట వినే ప్రాణి ఒక్కటైనా ఉండాలి. నాకు కుక్క కావాలి," అని ఆవిడ ఒకరోజు తేల్చి చెప్పేసింది.

ఊరి చివర చిన్నజాతి కుక్కల ఆశ్రయం ఒకటి ఉంది. ఎవరికీ అక్కర్లేని కుక్కల్ని చేరదీసి కొత్త ఇళ్ళు చూసి పంపుతారు. వాళ్ళ ప్రకటనలో ఆవిడ ఒక ఫోటో చూసింది. మోకాలెత్తు కూడా లేని తెల్ల టెర్రియరు, ఒక చెవి మాత్రం గోధుమరంగు. పేరు గునపం. కింద ఇలా రాసి ఉంది: "తవ్వుతాడు. అరుస్తాడు. చెప్పిన మాట వినడు. ముగ్గురు తిప్పి పంపారు. మనసు మాత్రం మంచిది."

"చదవగానే మీరే గుర్తొచ్చారండీ," అంది ఆవిడ, ప్రేమగానే.

ఆశ్రయంవాళ్ళు ఊరికే ఇవ్వరు. దరఖాస్తు పెట్టాలి. ఆ తర్వాత వాళ్ళ మనిషి కుక్కని వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, నలభై అంశాలు చూసి మార్కులు వేస్తారు. ముప్పై వస్తే కుక్క ఉంటుంది. రాకపోతే వచ్చిన మనిషితోనే పోతుంది, మళ్ళీ ఆరు నెలలదాకా దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. ఆవిడ అప్పటికే ఎర్ర గిన్నె ఒకటి, మెత్తటి పరుపు ఒకటి కొనేసింది. రోజూ ఆ పరుపు దులిపేది, మీద పడుకోడానికి ఇంకా ఎవరూ రాకపోయినా.

"ముప్పై ఏళ్ళు ఊరందర్నీ ఫెయిల్ చేశారు. నాకోసం ఒక్కసారి పాసవండి చాలు," అని అడిగింది.

"నేను ఫెయిలవడమేమిటే!" అని నవ్వారు మళ్ళీరండి గారు.

ఏడింటికి గేటు దగ్గర కూర్చున్నారు. గేటు కింద సందులో పిడికిలి పట్టకూడదని దరఖాస్తులో ఉంది. ఈయన పిడికిలి పట్టింది. రెండు ఇటుకలు అడ్డం పెడితే పోయేదానికి, బాత్రూం మరమ్మతులో మిగిలిన సిమెంటు గుర్తొచ్చింది ఈయనకి. గంటలో రాయైపోతుందని బస్తా మీద రాసి ఉంది. ఇటుకలు వరసగా పేర్చి, చుట్టూ సిమెంటు మెత్తి, వెలుగు కూడా దూరకూడదన్న పట్టుదలతో గేటు అడుగు కడ్డీ మునిగేదాకా దట్టించారు. బస్తా మీద రాసింది అక్షరాలా నిజమైంది.

"ఏమండీ, గేటు రావట్లేదేంటి?" ఎనిమిదిన్నరకి ఆవిడ కేక వేసింది.

ఈయన వెళ్ళి లాగారు. తోశారు. కాలితో తన్ని, ఆ కాలు పట్టుకుని కాసేపు కూర్చున్నారు. గేటు గోడలో భాగమైపోయింది. పైగా దాని ఎత్తు మనిషి ఛాతీదాకా, పైన ఈటెల్లాంటి మొనలు.

"ఇప్పుడా వచ్చే మనిషి ఎలా రావాలి? ఎగిరా?" అంది ఆవిడ.

"కంగారు పడకు. నాకో ఆలోచన వచ్చింది."

ఆవిడ కంగారు పడింది అప్పుడే.

పక్కిల్లు పళ్ళ డాక్టరుది. ముందు గదిలోనే క్లినిక్కు. రెండు పెరళ్ళకీ మధ్య చెక్క కంచె. అందులో నాలుగు చెక్కలు ఊడదీస్తే మనిషి వచ్చేంత దారి అవుతుంది, తనిఖీ మనిషి లోపలికి రాగానే మళ్ళీ మేకులు కొట్టేయొచ్చు. డాక్టరు క్లినిక్కు కిటికీలోంచి చూస్తూ, "గురువుగారూ, పిప్పిపన్నుకి పెట్టినట్టు గేటుకి సిమెంటు పెట్టారా, పూర్తిగా మూసేశారు?" అని నవ్వాడు. ఈయన నవ్వలేదు. చెక్కలు ఒకటొకటే పీకారు. నాలుగోదాంతోపాటు అయిదోదీ ఆరోదీ వాటంతటవే ఊడి వచ్చాయి.

పదిన్నర దాటాక గేటు బయట ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. మందుల షాపులో పనిచేస్తుంది, శనివారాలు మాత్రం ఆశ్రయం తరఫున ఇళ్ళు చూడ్డానికి వస్తుంది. ఒక చంకలో అట్ట, రెండో చంకలో గునపం.

"సార్, గేటు తీస్తారా?"

"గేటు మేము వాడమమ్మా. పక్కింట్లోంచి రా," అన్నారు మళ్ళీరండి గారు హుందాగా. ఆ అమ్మాయి అట్ట మీద ఏదో రాసుకుంది.

కంచె సందులోంచి వచ్చి నిలబడగానే, ఈయన నోరు ఊరుకోలేదు. "పదింటికి అన్నారు. ముప్పావుగంట ఆలస్యం."

"రెండు బస్సులు మారి వచ్చాను సార్. ఆశ్రయంలో కారుంది కానీ నాకు లైసెన్సు లేదు."

"ఈ రోజుల్లో లైసెన్సు లేకుండా ఎలాగమ్మా? పరీక్షకి వెళ్ళలేదా?"

"వెళ్ళాను సార్, నాలుగుసార్లు. నాలుగుసార్లూ మీరే."

మళ్ళీరండి గారు ఆ అమ్మాయిని ఎగాదిగా చూశారు. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"ఆఁ... గుర్తొచ్చింది. చాలా బాగా నడిపేదానివి. ఏదో ఆ రోజు నా మనసు బాగాలేక..."

"లేదు సార్. మూడోసారి చెట్టుకి గుద్దాను," అంది అమ్మాయి నిజాయితీగా. "మీరు న్యాయంగానే చేశారు. నేనూ న్యాయంగానే చేస్తాను, భయపడకండి."

ఆ మాటతో ఈయనకి అసలు భయం పట్టుకుంది. పగ పట్టిన మనిషినైతే బతిమాలుకోవచ్చు, న్యాయం పట్టిన మనిషిని ఏం చేస్తాం? గబగబా సుత్తి తీసుకుని కంచె చెక్కలు కొట్టబోయారు. అమ్మాయి అప్పుడే గునపాన్ని కిందికి దింపి తాడు విప్పింది, ఇంట్లో ఎలా మసలుతాడో చూడాలని.

గునపం ఇల్లు చూడలేదు. సుత్తి దెబ్బ వినగానే ఒక్క గెంతున ఈయన కాళ్ళ సందులోంచి కంచె సందులోకీ, అక్కడినుంచి డాక్టరుగారి క్లినిక్కులోకీ దూసుకుపోయాడు. లోపల ఏదో పడింది, ఇంకేదో పగిలింది. డాక్టరు "ఏయ్! ఏయ్!" అన్నాడు. మరుక్షణం గునపం వెనక్కి వచ్చేశాడు, నవ్వుతూ. నవ్వు మాత్రం వాడిది కాదు. ట్రేలో పెట్టిన కట్టుడు పళ్ళ సెట్టు, ముప్పై రెండు పళ్ళూ, వాడి నోట్లో ఉంది.

వాడి వెనకాల డాక్టరు, డాక్టరు వెనకాల ఆ పళ్ళ సొంతదారు. మెడకి తువ్వాలు కట్టుకున్న పెద్దాయన, బోసినోటితో ఆగకుండా తిడుతున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవన్నీ మళ్ళీరండి గారికేనని అందరికీ తెలిసిపోతోంది.

"ఆగు! నిలబడు! ఎడమకి తిరుగు!" అని అరుస్తూ మళ్ళీరండి గారు పెరడంతా పరిగెత్తారు. గునపం కుడికి తిరిగాడు. పూలమడిలోకి దూరాడు, మట్టి వెనక్కి లేచింది. రెండు నిమిషాల తర్వాత బయటికి వచ్చేసరికి నోరు ఖాళీ.

"పాతేశాడండీ!" అన్నాడు డాక్టరు.

ఇక చెప్పేదేముంది? ఈయన పార తీసుకుని ఇక్కడంటే ఇక్కడ, అక్కడంటే అక్కడ తవ్వారు. గునపానికి ఇంత మంచి తోడు పుట్టి బుద్ధెరిగాక దొరకలేదు. ఆయన ఎక్కడ తవ్వితే అక్కడ పక్కన నిలబడి ఆనందంగా తనూ తవ్వాడు. పావుగంటలో పెరట్లో గోతులు ఎనిమిదయ్యాయి. కుక్కవి రెండు, ఈయనవి ఆరు. అమ్మాయి లెక్కపెట్టుకుని రాసుకుంది.

ఆవిడ అంతసేపూ వంటింటి మెట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంది. చివరికి, గొంతు కూడా పెంచకుండా, "ఒరేయ్, ఇలా రా," అంది.

పార పట్టుకున్న ఈయన కూడా ఆగిపోయారు, తననే అనుకుని.

గునపం తవ్వడం మానేశాడు. గోధుమరంగు చెవి పైకెత్తాడు. పూలమడిలో ఒక మూలకి పోయి, ఎవరూ తవ్వని చోట గీకి, మట్టికొట్టుకున్న పళ్ళు తీసుకొచ్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద తల వాల్చి పడుకున్నాడు. ఆవిడ వాడి వీపు మీద చెయ్యి వేసింది. అది చూసి పెద్దాయన కూడా తిట్లు ఆపేశాడు.

పళ్ళు కడిగి ఇచ్చి వాళ్ళిద్దర్నీ సాగనంపాక, అమ్మాయి మార్కులు కూడింది. ఒకసారి కూడి, మొహం వాడిపోయి, ఇంకోసారి కూడింది.

"నలభైకి పదకొండు సార్."

"పదకొండా! ఎలా వేశావు పదకొండు? చూపించు!"

"గేటు తెరుచుకోవాలి, తెరుచుకోదు. కంచెకి సందు ఉండకూడదు, ఆరు చెక్కల సందుంది. పెరట్లో గోతులు ఉండకూడదు, ఎనిమిదున్నాయి. ఇంటి యజమాని కుక్క మీద అరవకూడదు..."

"నువ్వు కావాలని..."

"ఏమండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "పిల్ల సరిగ్గానే వేసింది."

మళ్ళీరండి గారు అట్ట కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆయన ఎదుట ఇలా నిలబడ్డవాళ్ళు వేలమంది. అటువైపు నిలబడితే ఆ మార్కులు ఇలా వినబడతాయని ఇన్నేళ్ళలో ఆయనకి తట్టనేలేదు.

"అమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "తప్పంతా నాది. పొద్దున్న నేను గేటు ముట్టుకోకుండా ఉంటే ఇల్లు శుభ్రంగా ఉండేది. మా ఆవిడకేం తెలీదు. ముప్పై ఏళ్ళ కాపురంలో అది నన్ను నోరు తెరిచి అడిగింది ఈ కుక్క ఒక్కటే. నాకు సున్నా వెయ్యి, దానికి విడిగా వెయ్యి."

అమ్మాయి కళ్ళు తడయ్యాయి. "ఇంటికే సార్ మార్కులు, మనిషికి కాదు. నిబంధన. మీరు ఆరు నెలలాగి మళ్ళీ..."

"ఆ మాట మాత్రం అనకు తల్లీ," అని ఈయన చెయ్యి అడ్డం పెట్టారు.

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి ఎర్ర గిన్నె తెచ్చింది. "వీణ్ణి ఏ ఇంటికి పంపినా ఈ గిన్నె కూడా పంపమ్మా. కొత్తదే," అంది. అంటూ మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీరండి గారికి ఆ పార పెట్టి తనని తనే పాతేసుకోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడే అమ్మాయి ఫోను మోగింది. ఆశ్రయం నడిపే పెద్దావిడ. ఆవిడ అరుపు ఫోను దాటి అందరికీ వినబడుతోంది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ తొమ్మిది టెర్రియర్లని తెచ్చి వాకిట్లో దింపేసి పోయారట. గూళ్ళు చాలట్లేదు, ఒకటి అప్పుడే ఆఫీసు కుర్చీ తినేసింది. ఎవరైనా తాత్కాలికంగా ఉంచుకునేవాళ్ళుంటే గంటలో చెప్పమంది.

అమ్మాయి ఫోను పెట్టేసి ఆవిడ వైపు చూసింది. తిరిగి మెట్టు మీద కూర్చున్న ఆవిడ ఒళ్ళో గునపం గుర్రుపెడుతున్నాడు.

"ఆంటీ, పగలు ఇంట్లో మనిషి ఉంటారా?"

"ఈయన ఎక్కడికీ పోరమ్మా, అదేగా బాధ."

"గేటు మూసి ఉంటుందా?"

ముగ్గురూ గేటు వైపు చూశారు.

"అంతే. తాత్కాలికానికి ఈ రెండే ప్రశ్నలు," అంది అమ్మాయి, ఇంకో కాగితం తీస్తూ. "గునపం ఇక్కడే ఉంటాడు. ఇంకో రెంటిని సాయంత్రం పంపిస్తాం."

ఆవిడ చటుక్కున ఎర్ర గిన్నె వెనక్కి లాక్కుంది.

"ఆగమ్మా ఆగు," అన్నారు మళ్ళీరండి గారు. "ఒకదానికి పనికిరాని ఇల్లు మూడింటికి ఎలా పనికొస్తుంది?"

"దత్తతంటే జీవితాంతం కదా సార్, జాగ్రత్తగా చూడాలి. ఇది మంచి ఇల్లు దొరికేదాకానే."

"గునపానికి ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు?"

"నాలుగేళ్ళు సార్."

ఆవిడ అప్పటికే సంతకం పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న మళ్ళీరండి గారు పక్కింట్లోంచి వీధిలోకి వచ్చారు. వచ్చారనడం కంటే లాగబడ్డారనడం సబబు. గునపం ముందుకీ, మిగతా ఇద్దరూ చెరో పక్కకీ లాగుతుంటే ఆయన మధ్యలో తిన్నగా నిలబడ్డానికి ప్రయత్నిస్తున్నారు. వీధి చివర ఇస్త్రీ కొట్టతను చూసి, "తనిఖీ ఏమయిందండీ?" అని అడిగాడు.

మళ్ళీరండి గారు మూడు తాళ్ళూ మోచేతికి బిగించి చుట్టుకుని, "ఒక్క కుక్కని పెంచడానికి కూడా పనికిరానన్నారయ్యా," అన్నారు.