బోర్డర్‌లైన్ మీద నాగూర్ వలి

జబ్బుల్లోకెల్లా సుఖమైన జబ్బు బోర్డర్‌లైన్ షుగర్. నమ్మకపోతే నాగూర్ వలి సంగతి వినండి.

నాగూర్ వలి వినుకొండలో మిరపకాయల బ్రోకరు. కల్లంలో రాశి ముందు నిలబడి, దోసెడు కాయలు ఎత్తి చూసి, రంగు పోయిన తాలుకాయ ఎంతుందో చెప్పేసేవాడు. ఆయన చూపు మీద రైతుకీ వ్యాపారికీ ఒకేలా నమ్మకం. ఆ చూపే ఆయనకు అన్నం పెట్టేది.

రెండువేల ఆరులో రక్తం పరీక్ష చేయించిన డాక్టరు, షుగర్ ఇంకా రాలేదు, బోర్డర్‌లో ఉంది, జాగ్రత్త అన్నాడు. నాగూర్ వలికి 'ఇంకా రాలేదు' వరకే వినపడింది. పెళ్ళిభోజనంలో రెండో లడ్డూ వెయ్యడానికి వడ్డించేవాడు సందేహిస్తే, బోర్డరే కదా వెయ్యమనేవాడు. ఇంటికొచ్చాక భార్య జైనాబీ బియ్యం బస్తా దించమంటే, నడుం పట్టుకుని కూర్చుని తాను షుగర్ మనిషినని గుర్తుచేసేవాడు. తీపికి ఆరోగ్యవంతుడు, పనికి రోగి! ఇంతటి సదుపాయం ఇంకే జబ్బులో ఉంది?

మరుసటి ఫిబ్రవరిలో ఊళ్ళో కంటి శిబిరం పెట్టారు. షుగర్ కంటి వెనక నరాల్ని చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుందనీ, చూపు తగ్గకముందే పట్టుకోవాలనీ ఆటోకి మైకు కట్టి చెప్పారు. జైనాబీ ఆయన్ని బయల్దేరదీసింది. కనపడనివాళ్ళు కదా వెళ్ళాల్సిందని ఆయన దారి పొడవునా సణిగాడు.

గుమ్మంలో రిజిస్టరు రాసే మార్కు అనే కుర్రాడు ఆయన రక్తపరీక్ష చీటీ చూసి, ఇది షుగర్ ఉన్నవాళ్ళకేనన్నాడు. బోర్డర్ వాళ్ళు, వచ్చేశాక రావచ్చట! నాగూర్ వలికి ప్రాణం లేచొచ్చింది. చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టేశాడు.

జైనాబీ కదల్లేదు. "బాబూ, లడ్డూ దగ్గర ఈయనకి షుగర్ లేదు, బస్తా దగ్గర ఉంది. మీరు ఎటు రాసుకుంటారో రాసుకోండి. కళ్ళు మాత్రం చూసి పంపండి."

లోపలున్న డాక్టరమ్మ రాగసుధ నవ్వి, రమ్మంది. కళ్ళలో మందు వేసి, అరగంట కూర్చోబెట్టి, లైటు పెట్టి చూసింది. కుడికంటి వెనక రెండు చిన్న ఎర్ర మచ్చలున్నాయంది. నరం ఉబ్బిన గుర్తులట.

"నేనింకా బోర్డర్ దాటలేదు కదమ్మా," అన్నాడు నాగూర్ వలి.

"ఆ గీత మేం కాగితం మీద గీసుకున్నదండి. మీ కంట్లో నరానికి తెలీదు. చూపుకేం కాలేదు. ఇప్పుడు నోరు కట్టుకుంటే ఇక్కడితో ఆగొచ్చు. ఏడాదికోసారి చూపించుకోండి."

బయటికొస్తే ఎండ కళ్ళలో పొడిచింది. ఎదుటి ఖాళీస్థలంలో ఆరబోసిన మిరప అంతా అలికేసినట్టుంది. తాలేదో మంచికాయేదో తెలియలేదు. అది మందు వల్లేననీ, సాయంత్రానికి సర్దుకుంటుందనీ ముందే చెప్పారు. అయినా ఆయన వెళ్ళి దోసెడు కాయలెత్తి, కళ్ళ దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశాడు. జైనాబీ భుజం పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ వారమే లడ్డూ మానేశాడు. అడగకుండానే బస్తా దించాడు. ఏడాది తర్వాత చూస్తే మచ్చలు పెరగలేదు.

రిజిస్టరు సంగతి వేరు. అందులో షుగర్ ఉన్నవాళ్ళకొక గడి, లేనివాళ్ళకొక గడి. పద్ధతి ప్రకారం మార్కు నాగూర్ వలిని లేనివాళ్ళలో రాశాడు. శిబిరం నాటి సాయంత్రం డాక్టరమ్మ రాసినవి ఎక్కిస్తూ, షుగర్ లేని మనిషి కంట్లో షుగర్ మచ్చలేమిటని కాసేపు పెన్ను ఆపి ఆలోచించాడు. పొరపాటున పడిందనుకుని ఆ పేరు కొట్టేశాడు. గుమ్మంలోంచే తిప్పి పంపిన నలభైమంది బోర్డర్ వాళ్ళ పేర్లు అసలు రాయనే లేదు.

ఆ ఏటి నివేదిక ప్రకారం, బోర్డర్‌లైన్ వాళ్ళ కళ్ళు నూటికి నూరుపాళ్ళూ క్షేమం.