ఆగయ్య ఇష్టాల సవరణ

ఒక మనిషికి ఏ పాట ఇష్టమో ఆ మనిషినే అడిగి తెలుసుకునే అనాగరిక పద్ధతి శాలిబండలో ఈ డిసెంబరుతో అంతరించింది. ఇకపై ఆ సంగతి ఫోను చెబుతుంది, మనిషి తెలుసుకుంటాడు. (అభ్యంతరాలు ఉన్నవారు ఫోనులోనే తెలపవచ్చు.)

ఈ ఘనత శాలిబండ శ్రోతల సంఘానిది. నలభై ఒక్క మంది సభ్యులు ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం పిండి గిర్ని పైనున్న హాలులో కూడతారు. ఆ ఏడాది వచ్చిన ఆల్బముల్లో తనకు బాగా నచ్చినదేదో ఒక్కొక్కరూ లేచి చెబుతారు, ఎందుకు నచ్చిందో చెబుతారు, పక్కవాడికి చెవులు లేవని కూడా చెబుతారు. చివరికి ఒకదాన్ని ఎన్నుకుని, అది వాయించిన మనిషి దగ్గర్లో దొరికితే పిలిపించి, దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా పెద్ద బాక్సుల్లో వినిపిస్తారు. అంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. విప్పినవాడికి చాయ్ లేదు.

నిరుడు సోమయ్య అనే రిటైర్డ్ గుమాస్తా ఒక హార్మోనియం ఆల్బమ్ గురించి యాభై నిమిషాలు మాట్లాడి కన్నీళ్లు పెట్టుకున్నాడు. సభ మొత్తం ముక్కు చీదింది. ఆయన ఆ ఆల్బమ్ విననే లేదనీ, అట్ట మీద బొమ్మ చూసి వర్ణించాడనీ తర్వాత తేలింది. స్టీలు సామాన్ల హోల్‌సేల్ కుటుంబంలో పుట్టి ఎంబీఏ చదివిన కొత్త కార్యదర్శి మనీష్‌కు ఇది మింగుడుపడలేదు. అందుకే ఏడో నంబరు నిబంధన వచ్చింది. సభ్యులందరూ ‘స్వరమిత్ర’ యాప్ ఇచ్చే వార్షిక ఇష్టాల నివేదికను మూడు ప్రతుల్లో సమర్పించాలి. ఎవరి నివేదికలో మొదటి ఆల్బమ్‌కు అందరికన్నా ఎక్కువ గంటలుంటే అదే ఆ ఏటి మేటి ఆల్బమ్. (ఏడుపు ఐచ్ఛికం.)

ఆగయ్యకు శాలిబండలో సౌండ్ బాక్సులు కిరాయికిచ్చే దుకాణం ఉంది. నివేదిక ఫోనులోకి రాగానే తెరిచి చూసి, అక్కడే ఉన్న బాక్సు మీద కూలబడ్డాడు. ‘అభినందనలు ఆగయ్య గారూ! ఈ ఏడాది మీ ప్రాణానికి ప్రాణమైన ఆల్బమ్: నాన్‌స్టాప్ బారాత్ ధమాకా, తొమ్మిదో భాగం. 1,412 గంటలు. దేశంలోని అభిమానుల్లో మీది నాలుగో స్థానం.’

ఆ ధమాకా అంటే ఆగయ్యకు ఒళ్లుమంట. ఊరేగింపులో పెళ్లివాళ్లు అడిగితే పెట్టాలి కాబట్టి పెడతాడు, పెట్టేముందు రెండు చెవుల్లో దూది కుక్కుకుంటాడు. అతని మనసు దోచిన ఆల్బమ్ వేరే ఉంది. దాని పేరు ‘నల్లా వచ్చేలోపు’. ముప్పై ఎనిమిది నిమిషాలు, ఎనిమిది పాటలు, ఒక్క క్లారినెట్. వాయించింది డెబ్బై రెండేళ్ల డానియేలు. ఆర్టీసీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేస్తూ, సాయంత్రాలు పెళ్లి బ్యాండులో క్లారినెట్ పట్టుకుని నలభై ఏళ్లు పెళ్లికొడుకు గుర్రం ముందు నడిచిన మనిషి. ఎగిరేవాళ్లు ఎగిరారు, నోట్లు తిప్పేవాళ్లు తిప్పారు. ఆగి విన్నవాడు ఒక్కడు లేడు. జనవరిలో ఆయన కార్వాన్‌లోని ఒక గది స్టూడియోలో ఈ పాటలు రికార్డు చేయించి, పెన్‌డ్రైవ్ తెచ్చి ఆగయ్య చేతిలో పెట్టాడు.

“పెద్ద బాక్సుల ఎట్లుంటదో ఒక్కసారి సూడు ఆగయ్యా. బాగలేకుంటే మొఖం మీదనే చెప్పు.”

ఆగయ్య షట్టరు సగం దించి, చెవుల్లో దూది తీసి విన్నాడు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున దుకాణం ఊడ్చే ముందు అదే పెన్‌డ్రైవ్ పెట్టుకుంటున్నాడు. డానియేలును ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి, నలభై మంది నోరు మూసుకుని వింటుంటే ఆ ముసలాయన చూడాలి. ఏడాదంతా ఆగయ్యకు ఇదొక్కటే కోరిక.

డానియేలు మనవరాలు స్వీటీ ఆ పాటలను స్వరమిత్రలో కూడా పెట్టింది కాబట్టి ఆశ ఉంది. ఆగయ్య ఆ యాప్ వాళ్ల ఇష్టాల సవరణ విభాగానికి దరఖాస్తు చేశాడు. సవరణకు కారణాలు మూడే ఉన్నాయి: పొరపాటున నొక్కాను, పిల్లలు నొక్కారు, నిద్రలో నొక్కాను. (బతుకుదెరువు కోసం నొక్కాను అన్న గడి పరిశీలనలో ఉన్నదట.) మూడూ కాదన్నాడు కాబట్టి అభిరుచి ధ్రువీకరణ అధికారిణి, రెండో శ్రేణి, ఇంద్రజ స్వయంగా ఫోన్ చేసింది.

“సార్, మీరు పద్నాలుగు వందల పన్నెండు గంటలు విన్నారు. ఇష్టం లేకుండా ఎవరైనా అంతసేపు వింటారా?”

“నాది సౌండ్ దుకాణం మేడం. బారాత్‌ల ఏది పెట్టమంటే అది పెడ్త. నేనైతే చెవులల్ల దూది పెట్టుకుంట.”

“దూది పెట్టుకున్నట్టు మా రికార్డుల్లో లేదు సార్.”

“మరి డానియేలన్న పాట రోజు పొద్దుగాల వింటగద! గదెటు వోయింది?”

“ఆ ఆల్బమ్ మీరు సున్నా సార్లు విన్నారు సార్.”

“పెన్‌డ్రైవ్‌ల విన్న మేడం.”

“పెన్‌డ్రైవ్‌లో విన్నది వినికిడి కిందికి రాదు సార్. ఇరవై ఆరో తేదీలోపు మా యాప్‌లో ఎక్కువ గంటలు వినండి, మీ ఇష్టం దానంతటదే మారిపోతుంది. మా సేవ మీకు నచ్చితే ఒకటి నొక్కండి.”

ఆగయ్య ఒకటి నొక్కాడు. రెండో అంకె లేదు.

ఆ రోజు పదకొండో తేదీ. చేతిలో పదిహేను రోజులు. రోజుకు ఇరవై నాలుగు గంటలు విన్నా మూడు వందల అరవైకి మించదు. అయితే స్వరమిత్ర ఔదార్యం గొప్పది, ఒక ఖాతాకు నాలుగు ఫోన్లు అనుమతిస్తుంది. ఆగయ్య తన ఫోను, భార్య రాజమణి ఫోను, దుకాణంలోని రెండు పాత ఫోన్లు వరసగా పెట్టి, నాలుగింటిలోనూ ‘నల్లా వచ్చేలోపు’ మొదలుపెట్టాడు. నాలుగూ నాలుగు చోట్ల అందుకున్నాయి. నలుగురు డానియేళ్లు ఒకరినొకరు తిట్టుకుంటున్నట్టు వినబడింది. భరించలేక నాలుగింటి సౌండూ సున్నాకు తెచ్చాడు. గంటలు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి.

బారాత్‌లు ఆగవు కదా. ధమాకా లెక్క ఇంకా పెరగకుండా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అందులో జాగా చాలక డానియేలు పాటలు తీసేశాడు. ఆ విధంగా పెళ్లిళ్ల సీజను నడిమధ్య ఆగయ్యకు నచ్చనిది మోగుతూ, నచ్చినది మూగగా తిరుగుతూ ఉండిపోయాయి. సంస్కరణలన్నీ మొదట్లో ఇట్లాగే ఉంటాయి.

“పొద్దుగాల నీ క్లారినెట్ వినవడ్తలేదేందయ్యా?” అంది రాజమణి నాలుగో రోజు.

“నడుస్తాంది.”

“నడుస్తే వినవడదా?”

“గిప్పుడు వినుడు కాదు, ఎక్కుడు ముఖ్యం.”

“నా ఫోన్ ఇయ్యవు, పాట వెట్టవు. గిదేం లొల్లి?” అని ఆమె పక్కింటికి వెళ్లి ఫోన్ చేసుకుంది.

ఇరవై ఏడున సవరించిన నివేదిక వచ్చింది. ‘నల్లా వచ్చేలోపు: 1,440 గంటలు. 2,270 సార్లు.’ ఆగయ్య కళ్లకు అద్దుకుని మూడు ప్రతులు తీయించాడు. నలభై ఒక్క నివేదికల్లోకెల్లా అదే మొదటిదని తేలింది. రెండో స్థానం సోమయ్యది, పదకొండు గంటలు. (హార్మోనియమే. ఈసారి నిజంగానే విన్నాడు, అంతగా బాగాలేదన్నాడు.)

ఆదివారం డానియేలు బంగారు జరీ కుట్టిన బ్యాండు కోటు వేసుకుని, స్వీటీ చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. దండ పడింది. కుర్చీలో కూర్చున్నాడు. కోటు గుండీలు సవరించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బాక్సుల వైపు చూశాడు. ఆగయ్య పొద్దున్నే తెచ్చి బిగించిన బాక్సులు అవి. ఇక ఒక్క బటన్ నొక్కడమే తరువాయి.

మనీష్ మైకు అందుకున్నాడు. “మన సంఘం చరిత్రల ఏ ఆల్బమ్‌కు రానంత స్కోర్ ఇది. రిపోర్ట్ క్లియర్‌గా ఉంది. రెండు వేల రెండు వందల డెబ్బై సార్లు విన్నదాన్ని మళ్లా వినిపిస్తే అందరి టైమ్ వేస్ట్. కమిటీ డిసైడ్ చేసింది, డైరెక్ట్‌గా చాయ్‌కి పోదాం.”

చప్పట్లు మోగాయి. ఆగయ్య లేచి అసలు సంగతి చెబుదామనుకున్నాడు. చెబితే నివేదిక చెల్లదు, నివేదిక చెల్లకపోతే ఆ కుర్చీ ఖాళీ చేయాలి. తన చేత్తో తానే చేసిన పనికి సిగ్గుతో చచ్చిపోయి, తల వంచుకుని కూర్చున్నాడు.

డానియేలుకు జరిగింది అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. దండ సర్దుకుంటూ సభ వైపు వంగాడు.

“గన్ని సార్లు విన్నరు కదా, ఒక్క మాట అడుగుత. మూడో పాట నడుమ నాకు దమ్ము ఆగిపోయింది. మళ్లా ఎత్తుకున్న. అక్కడ తెలుస్తదా, తెల్వదా?”

మనీష్ నివేదికను మొదటి పేజీ నుంచి చివరి దాకా శ్రద్ధగా తిరగేశాడు.

“ఫికర్ చేయకండి అంకుల్. ఎక్కడా ఆగినట్టు లేదు.”