తుపాకీలో మధ్య ముక్క

శనివారం పొద్దున పాన్‌కేకుల మీద సిరప్ పోసుకుంటూనే ఆర్లో స్టెంగెల్ లెక్క తేల్చేశాడు. కొత్త యాక్షన్ కొనడం దండగ. యాక్షన్ అంటే తుపాకీలో మధ్య ముక్క. గొట్టం బిగేదీ, బోల్టు ఆడేదీ అందులోనే. పాత తుపాకీ ఒకటి చవగ్గా బేరమాడి, గొట్టం ఒకరికి, భుజానికి ఆనించే చెక్క దస్తా, గురి చూసే దుర్భిణి ఇంకొకరికి అమ్మేస్తే ఆ ముక్క ఉచితంగా మిగులుతుంది. దాని మీద తుపాకులు చేసే ఎమెట్ చేత గురి తప్పని తుపాకీ కట్టించుకోవచ్చు.

"పోయినేడు సీటు కోసం ట్రాక్టరు కొన్నప్పుడూ ఇదే లెక్క చెప్పావు," అంది భార్య లోర్నా. "అది ఇంకా నా బంగాళాదుంపల మడిలోనే ఉంది."

ఆర్లో విననట్టు టోపీ పెట్టుకున్నాడు. జిల్లా షూటింగ్ జట్టులో ఖాళీ ఒక్కటే. జూన్ పోటీలోపు ఎమెట్ చెయ్యగలిగిన తుపాకీ కూడా ఒక్కటే. ఈ మధ్యాహ్నం తుపాకుల సంతలో తను బల్ల సర్దుకుని వెళ్లేలోపు ఎవరు ముందు యాక్షన్ తెచ్చిస్తే వాళ్లకే ఆ పని అన్నాడు ఎమెట్. బావమరిది కిప్ ఇప్పటికే జట్టులో ఉన్నాడు. ఆ సంగతి ప్రతి ఆదివారం భోజనాల దగ్గర గుర్తుచేస్తూనే ఉన్నాడు.

తుపాకుల సంతలో బోర్గిల్డ్ తోర్విక్ గారి బల్ల మీద, రుబార్బ్ జామ్ సీసాల పక్కన, ఆవిడ చనిపోయిన భర్త తుపాకీ కనిపించింది. ఆర్లో బోల్టు ఒకసారి లాగి చూశాడు. వెన్నలో వేలు దిగినట్టు జారింది. ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా పక్కకు వెళ్లి, గొట్టం కిప్‌కీ, దస్తా, దుర్భిణి పశువుల డాక్టరుకీ ముందే అమ్మజూపి ఒప్పించి వచ్చాడు.

"గొట్టం అరిగిపోయిందమ్మా," అన్నాడు విచారంగా. "దస్తా రేపో మాపో పగిలేలా ఉంది. దుర్భిణిలో పొగమంచు తప్ప ఏమీ కనబడట్లేదు. ఆ మధ్య ఇనుప ముక్క ఒక్కటే పనికొస్తుంది. మిగతావన్నీ పీకేసి కొత్తవి వేయిస్తేగానీ గురి కుదరదు. ఏదో, తెలిసినవారని తీసుకుంటాను."

ఆర్లో నడిపే ట్రాక్టరు విడిభాగాల కొట్టులో ఈ పాట వింటే ఎంత గట్టి రైతైనా ధర దించేవాడు. బోర్గిల్డ్ గారు మాత్రం తుపాకీ మీద బట్ట కప్పేశారు.

"ఇంత పాడుదాన్ని నీకెలా అమ్మను నాయనా? రేపు చర్చిలో నీ మొహం ఎలా చూడను?"

"పరవాలేదమ్మా, నేనే కావాలంటున్నాగా."

"నువ్వు మొహమాటానికి అంటావు. తెలిసి తెలిసి నీకు అంటగట్టమంటావా?"

ఆర్లో మాట మార్చాడు. "మరీ అంత పాడు కాదులెండి. గొట్టం పరవాలేదు."

"అయితే ఇందాక అబద్ధమాడావా? ఆదివారం బడిలో నీకు పది ఆజ్ఞలు నేర్పింది నేనే."

"అబద్ధం కాదమ్మా."

"మరైతే గొట్టం అరిగిందనేగా అర్థం."

అంతలో కిప్ ఊడిపడ్డాడు. "బావా, నా గొట్టం విప్పించావా?"

"ఆ అరిగిపోయిన గొట్టం ఇతనికా?" అన్నారు బోర్గిల్డ్ గారు.

"అరిగిపోయిందా?" కిప్ గొంతు పెంచాడు. "లోపల అద్దంలా ఉందన్నావు. సొంత బావమరిది దగ్గర కూడానా బావా?"

పొగమంచు సంగతి విని డాక్టరూ వచ్చాడు. చుట్టుపక్కల బల్లల వాళ్లు కాఫీ కప్పులతో సహా ఇటు తిరిగారు.

"ఎమెట్ చూస్తే తేలిపోతుంది," అన్నాడు ఆర్లో, దారి దొరికిందనుకుని. తుపాకీ అందుకోబోయాడు గానీ, ఆవిడే చంకన పెట్టుకుని ఎమెట్ బల్ల వైపు నడిచారు. మిగతావాళ్లు వెనక నడిచారు.

ఎమెట్ గొట్టంలోకి లైటు వేసి చూశాడు. "శుభ్రంగా ఉంది. దస్తా, దుర్భిణి కూడా బాగానే ఉన్నాయి." బోల్టు లాగాడు. ఆగాడు. మళ్లీ లాగాడు. "ఇలాంటి యాక్షన్ ఈ మధ్య నా చేతికి రాలేదు. ఎవరిది?"

"నాదే," అన్నారు బోర్గిల్డ్ గారు. "మధ్య ముక్క ఉంచుకుని మిగతావి కొత్తవి వేయించమని ఆర్లో చెప్పాడు. పాతవి కొనే మనుషుల్నీ తనే కుదిర్చాడు. చల్లగా ఉండాలి."

"అది కాదమ్మా, దాంతో మీరేం చేస్తారు?" అన్నాడు ఆర్లో.

"గొర్రెపిల్లల కోసం వచ్చే నక్కల్ని ఇన్నాళ్లూ ఎవరు కొట్టారనుకున్నావు? మా ఆయనకి కంచె అవతల ఏమీ కనబడేది కాదు."

ఎమెట్ తుపాకీకి ఆవిడ పేరుతో చీటీ కట్టి, బల్ల సర్దడం మొదలుపెట్టాడు. కిప్, డాక్టరు అక్కడికక్కడే ఆవిడకు డబ్బు తీసిచ్చారు. ఆర్లో పొద్దున వేసిన లెక్క అణా పైసలతో సరిపోయింది. మధ్య ముక్క నిజంగానే ఉచితంగా మిగిలింది.

"జట్టుకి మనిషి దొరికింది బావా," అన్నాడు కిప్, వీపు తడుతూ. "అంతా నీ చలవే."

జూన్ పోటీలో గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి బోర్గిల్డ్ గారు ఆర్లోనే పక్కన కూర్చోబెట్టుకున్నారు. అతను గాలి కుడికి అన్నప్పుడల్లా ఎడమకని లెక్కేసుకుని కొట్టారు.