పథ్యం లేని చాయ్

వరంగల్ బజారులో మిర్చి పాండురంగం అంటే తెలియనివాడు లేడు. కళ్లు మూసుకుని మిరపకాయ వాసన చూసి, అది ఏ ఊరి చేనులో పండిందో చెప్పగలడని ఎనుమాముల మార్కెట్‌లో ఆయనకు పేరు. అదే మనిషిని ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందని అడిగితే గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన వంటింటి గడప దాటింది ఒక్కసారే, అదీ ఎలుకను తరుముతూ. ఎలుక తప్పించుకుంది. ఈయన మాత్రం మామిడికాయ తొక్కు జాడీ పగలగొట్టి బయటపడ్డాడు.

అలాంటి పాండురంగానికి పెద్ద దవాఖానలో చాయ్ పెట్టాల్సిన అవసరం వచ్చింది. ఎందుకొచ్చిందంటే, అది నవ్వుతూ చెప్పే సంగతి కాదు.

ఆయన భార్య అనసూయ చాలా రోజులుగా ఆడవాళ్ల వార్డులో ఉంది. ఒకనాటి ఉదయం డాక్టర్ కిషన్ రావు పాండురంగాన్ని వరండా చివరికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. డాక్టర్ భుజం మీద చెయ్యి వేశాడంటేనే సగం అర్థం కావాలి. మిగతా సగం ఆయనే చెప్పాడు.

"ఇక పథ్యం ఏమీ అవసరం లేదు పాండురంగం గారూ. ఆమె ఏది అడిగితే అది పెట్టండి."

మన దగ్గర ఈ మాటకు అర్థం చిన్నపిల్లలకు కూడా తెలుసు.  పాండురంగం నల్లా దగ్గర మొహం కడుక్కున్నాడు. ఆయన పాత వ్యాపారస్థుడు. బస్తాలో అడుగున ఎలాంటి సరుకున్నా పైపొరలో నిగనిగలాడే కాయ పరచడం తెలిసినవాడు. మొహానికి కూడా అలాగే ఒక నవ్వు పరుచుకుని వార్డులోకి నడిచాడు.

"అనసూయా, ఖుష్ ఖబర్! డాక్టర్ పథ్యం ఎత్తేసిండు. రోగం తిరుగుముఖం పట్టిందన్నట్టు. ఇగ నీ ఇష్టమున్నది తిను."

అనసూయ ఆయన మొహం వంక చూసింది. "ఏదడిగితే అది పెట్టుమన్నడా?"

"ఏదడిగితే అది!"

"అయితే చాయ్ తాగుత."

"గంతేనా? ఇప్పుడే హోటల్‌కెల్లి పట్కొస్త."

"హోటల్ చాయ్ నాకొద్దు. మీ చేతితోని పెట్టింది గావాలె."

"నా చేతితోనా? ఏమే, జరం ఎక్కువైందా?"

"ఏదడిగితే అది అన్నరు గదా. మాట మీద నిలవడున్రి."

పక్క మంచం మీద రఘునాథపల్లి చిలుకమ్మ ఉంది. వాచిన మోకాళ్లతో దవాఖానలో చేరిన ముసలమ్మ. పక్కవాళ్ల ముచ్చట దొరికితే తన నొప్పి మరిచిపోయే రకం. "ఇన్నేండ్లు ఆమె వండితే తింటివి. ఒక్క చాయ్ పెట్టరాదా, సావుకారీ?" అంది.

పాండురంగం ఒక ఉపాయం ఆలోచించాడు. ఇంటికి పోయి ఫ్లాస్కు తెచ్చాడు. దారిలో హోటల్ దగ్గర ఆగి అందులో చాయ్ పోయించాడు. అల్లం వాసన కూడా ఉందో లేదో చూసుకున్నాడు. చెమటలు కక్కుతున్నట్టు వార్డులోకి వచ్చి, "అబ్బా, చాయ్ పెట్టుడంటే ఎంత కష్టమే!" అంటూ ఫ్లాస్కు దించాడు.

అనసూయ ఫ్లాస్కు వైపు చూడనైనా లేదు. ఆయన్నే పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇది మీరు పెట్టలే."

"ఇంక మూతనే తియ్యలే! నీకెట్ల తెల్సు?"

"మీరు పొయ్యి కాడికి పోతే అంగి గింత తెల్లగ ఉంటదా? చేతికి ఒక్క బొబ్బన్న ఉండాలె గదా."

పాండురంగం తన చేతులు తిప్పి చూసుకున్నాడు. నిజంగానే కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. "పారబొయ్యకు, నాకియ్యి సావుకారీ" అని చిలుకమ్మ గ్లాసు చాపింది. ఆ పూట చాయ్ ఆమెకు దక్కింది.

మర్నాడు వత్తుల స్టవ్ దవాఖానకు వచ్చింది. వార్డు లోపల మంట పెట్టొద్దని సిస్టర్ గట్టిగా చెప్పింది. రోగుల వెంట వచ్చినవాళ్లు వండుకునేది కిటికీ బయట ఆవరణలోనే. అనసూయ మంచం కిటికీ పక్కనే కాబట్టి ఆమె దిండుకు ఆనుకుని హుకుం జారీ చేయొచ్చు, ఈయన కింద గొంతుక్కూర్చుని అమలు చేయొచ్చు.

"ముందుగాల నీళ్లు పొయ్యున్రి."

"పోసిన."

"ఎన్ని?"

"గిన్నె నిండ."

"మనిద్దరికా, వార్డు మొత్తానికా? సగం పారబొయ్యున్రి. ఇప్పుడు అల్లం దంచున్రి."

"దేనితోని దంచాలె?"

"నా తలకాయతోని."

పక్కనే ఇటుక కనిపిస్తే దాంతో దంచాడు. అల్లంతో పాటు కొంచెం ఇటుక కూడా పడింది. ఆ తొందరలో అల్లం నీళ్లలో వేయకుండా పాల గిన్నెలో వేశాడు. పాలు విరిగి, చాయ్ కాక, కోవా కాక, పేరు పెట్టడానికి వీల్లేని పదార్థం ఒకటి తయారైంది. చిలుకమ్మ కూడా గ్లాసు చాపలేదు.

"ఇంత చిన్న పని ఎవలకైన అస్తది" అంది అనసూయ.

"చిన్న పనైతే నువ్వే లేచి పెట్టరాదూ?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమెకు లేచే శక్తి లేదని ఆయనకు తెలుసు. ఇక లేవదని కూడా తెలుసు. ఆ పూటంతా ఆయన కిటికీ వైపు తలెత్తి చూడలేకపోయాడు.

ఆ తర్వాతి రోజు అంతా సక్రమంగా నడిచింది. నీళ్లు కొలిచాడు. అల్లం నీళ్లలోనే వేశాడు. చాపత్త వేసి, పాలు పోసి, పొంగు రాగానే దించాడు కూడా. అప్పుడు గుర్తొచ్చింది, చాయ్ వడగట్టే జాలి ఇంట్లోనే మరిచిపోయాడని.

"ఇప్పుడెట్లనే?"

"ఏదన్న సాపు బట్ట ఉందా?"

పాండురంగం మార్కెట్ నుంచి నేరుగా వచ్చాడు. భుజం మీద కండువా ఉంది. అది సాఫుగానే ఉందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. కాయ వాసన ఎంత పట్టినా, రోజూ పీల్చే మిరప దుమ్ము ఆ ముక్కుకు తెలుస్తుందా? ఆ సీజనంతా మిర్చి రాశుల మధ్య తిరిగిన కండువా అది. దాన్ని గ్లాసు మీద పరిచి చాయ్ పోస్తుంటే రెండో కొస జారి స్టవ్ మీద పడింది.

భగ్గుమని మండితే బాగుండేది. మండలేదు, కమిలింది. కమిలి పొగ లేచింది. గాలి కిటికీ వైపే వీచింది.

ముందు చిలుకమ్మ తుమ్మింది. తర్వాత వార్డంతా తుమ్మింది. "ఎవరయ్యా మిర్చి కాలుస్తున్నది?" అని సిస్టర్ చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచింది. రోజుల తరబడి మంచం దిగని వాళ్లు సైతం వరండాలోకి ఉరికారు. అందరికంటే ముందు ఉరికింది చిలుకమ్మ. ఆమె మోకాళ్లకు అంతకు మించిన మందు ఆ దవాఖానలో లేదని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

అనసూయ ఒక్కతే ఉరకలేకపోయింది. పాండురంగం కండువా నీళ్లలో పడేసి, దగ్గుతూ వార్డులోకి పరుగెత్తాడు. మంచం పక్కనున్న తువ్వాల తడిపి ఆమె ముక్కు మీద పెట్టి, అట్టముక్కతో విసిరాడు. ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి ఆడట్లేదేమోనని ఆయన ఆమె మొహం మీదికి వంగాడు. చూస్తే ఆమె దగ్గుతూనే నవ్వుతోంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

పొగ తగ్గాక చిలుకమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూలబడింది. "మంచిదే అయింది బిడ్డా. దిష్టి తగిలితే, మిరపకాయలు దిగదీసి పొయ్యిల ఏసినా ఘాటు రాదు. గింత ఘాటు వచ్చిందంటె నీకు దిష్టి లేనట్టే!"

"అవునవ్వా" అంది అనసూయ. "దిష్టి కాదు. రోగమే."

చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్లనకే" అన్నాడు పాండురంగం. "తగ్గుతాంది గదా. పథ్యం కూడ..."

"మా నాయనకు గట్లనే ఎత్తేసిన్రు పథ్యం. మా అమ్మ ఆయనకు జిలేబీలు పెట్టింది. నాకు తెల్వదా?"

ఆయన పరుచుకున్న పైపొర అంతా ఒక్కసారిగా చెదిరిపోయింది. పాండురంగం ఆమె మంచం పట్టె మీద తల ఆనించి, వార్డులో అందరూ చూస్తుండగానే ఏడ్చాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి వేసింది.

"తెల్సి గూడ ఎందుకు ఊకున్నవే?"

"మీరు గంత కష్టపడి అబద్ధమాడుతాంటె ఎట్ల చెడగొట్టాలె?"

స్టవ్ గేటు బయట పారేయిస్తానని వచ్చిన సిస్టర్ తలుపు దగ్గరే ఆగిపోయింది. వెనక్కి పోయి, నర్సుల గదిలోంచి జాలి తెచ్చి అనసూయ మంచం మీద పెట్టింది. "ఆ కండువాతో మాత్రం వడగట్టకయ్యా" అని వెళ్లిపోయింది.

"ఇగ లేవున్రి. చాయ్ ఇంక కాలే" అంది అనసూయ.

పాండురంగం ముక్కు చీదుకుని మళ్లీ స్టవ్ ముట్టించాడు. ఈసారి ఆమె ఏమీ చెప్పలేదు, కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది. ఆయన తనంతట తానే పెట్టాడు. జాలితో వడగట్టి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పురిటి బిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. ఆమె మెల్లగా, ఒక్కొక్క గుటకే, మొత్తం తాగింది.

"మంచిగైంది."

పాండురంగం మొహం వెలిగిపోయింది. మిగిలింది గర్వంగా చిలుకమ్మ గ్లాసులో వంపాడు. ముసలమ్మ ఒక్క గుటక వేసి మొహం చిట్లించింది.

"థూ! దీంట్ల చక్కెరేది, సావుకారీ?"

పాండురంగం గిన్నె అడుగున ఉన్నది నోట్లో పోసుకున్నాడు. చక్కెర పలుకు లేదు. చాపత్త ఎక్కువై కటికచేదు, పైన అల్లం కారం.

"ఇదెట్ల తాగినవే?"

"నా నాలికెకు రుచి పోయి శానా రోజులైంది. చాయైనా, మందు గోలీ అయినా నాకొక్కటే."

"మరి నన్ను గిట్ల పొయ్యి కాడ గోస పెట్టుడెందుకు?"

అనసూయ ఆయన చేతి మీద లేచిన బొబ్బను వేలితో నిమిరింది.

"పొద్దుగాల చాయ్ పడనిది మీరు మంచం దిగరు. ఇగ మీకు ఎవలు పెడ్తరు?"

ఇన్ని రోజులూ ఆమెను తానే మాయ చేస్తున్నానని అనుకున్నాడు పాండురంగం. ఒక్క ప్రశ్నతో ఆయన వ్యాపారం తెలివంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆమె లేని పొద్దు ఎలా ఉంటుందో ఆయన అప్పటిదాకా ఊహించనేలేదు. ఆమె అప్పటికే ఆ పొద్దుకు చాయ్ సంగతి చూస్తోంది. ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్సుడు తర్వాత చూద్దాం" అంది ఆమె. "గిన్నె కడిగి మళ్ల పెట్టున్రి."

పాండురంగం లేచి గిన్నె కడుక్కొచ్చి, కిటికీ కింద కూర్చుని స్టవ్ వత్తి పైకి తిప్పాడు. 

"చక్కెర ఎప్పుడెయ్యాలె?" అని అడిగాడు.

అనసూయ దిండు మీద కాస్త కిటికీ వైపు జరిగి, నీళ్ల దగ్గర్నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.